ఫోన్ చెయ్యనా పిన్నీ?

నిద్ర రావట్లేదు. ఎందుకో చెబితే మా ఆయన నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దున అట్లు పోస్తుంటే అక్క కూతురు వాట్సాప్‌లో "పిన్నీ, ఖాళీయేనా? ఫోన్ చెయ్యనా?" అని పెట్టింది. నేను చూసేసరికి అరగంటైంది. "చెయ్యమ్మా" అని కొట్టాను. బ్లూ టిక్కులు పడలేదు. ఎక్కడ మోగుతుందోనని స్నానానికి వెళ్తూ కూడా ఫోన్ కిటికీలో పెట్టుకున్నా. మధ్యాహ్నం "మీటింగ్‌లో ఉన్నా, నాలుగింటికి ఓకేనా?" అంది. నాలుగింటికి నేనున్నాను, తను లేదు. రాత్రి భోజనాలయ్యాక అసలు సంగతి టైప్ చేసి పంపింది: ఉసిరికాయ పచ్చడికి కాయలు ఉడకబెట్టాలా, నూనెలో మగ్గించాలా అని!

పొద్దున్నే ఠక్కున చేసుంటే, పెనం మీద అట్టు తిరగేసే లోపు అయిపోయే మాట. నేనేమన్నా కలెక్టర్నా, అపాయింట్‌మెంట్ తీసుకోడానికి? చంకనేసుకుని తిప్పిన పిల్ల! అడిగితే ఇప్పుడందరూ ఇంతేనట. చెప్పకుండా ఫోన్ చేస్తే ఎవరికో ఏదో అయిందని హడలిపోతారట. ఇంకా నయం, మా అత్తగారే మేలు. ఏడేసి నిమిషాల వాయిస్ మెసేజీలు పెట్టినా అనుమతులు అడగరు.

మా రోజుల్లో ఇలా కాదు అని రాయబోయాను. మిస్డ్ కాల్ గుర్తొచ్చి ఆగాను.

2005లో హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం. ఊళ్ళో నాన్న దగ్గర నోకియా 1100, అదే, టార్చి లైటు ఫోను. బస్సు దిగి రూముకి చేరితే ఒక్క రింగు, కట్. రెండుసార్లిస్తే 'నువ్వు చెయ్యి నాన్నా' అని. మాకంటే పక్కా లెక్కలున్న ఇళ్ళు కూడా ఉండేవి. మా ఇంటి లెక్క మాత్రం నానమ్మ దగ్గర తప్పేది. మోగితే చాలు పరిగెత్తుకొచ్చి ఎత్తేసి, "అలో! అలో! ఎవురూ?" అనేది. ఇన్‌కమింగ్‌కి డబ్బులు తీసుకోవడం 2003లోనే పోయింది కాబట్టి నాన్నకి చిల్లిగవ్వ పోయేది కాదు, తెగేది నా బ్యాలెన్సే. 2009లో టాటా డొకొమో వాళ్ళు సెకనుకి పైసా మొదలుపెట్టే దాకా మాకు నిమిషం లెక్కే మరి. ఆవిడ రెండు "అలో"లకీ ఒక నిమిషం డబ్బు హుష్. చివరికి నాన్న ఫోన్ బీరువా పైన పెట్టాడు. నానమ్మ కుర్చీ వేసుకుంది.

2016లో జియో వచ్చి కాల్స్ ఉచితం అన్నాక ఈ గొడవే ఉండదనుకున్నాం. తీరా 2019లో కంపెనీలే మిస్డ్ కాల్ ఆట మొదలుపెట్టాయి. అప్పట్లో ఫోన్ అందుకున్న నెట్‌వర్క్‌కి, చేసిన నెట్‌వర్క్ నుంచి నిమిషానికి ఆరు పైసలు వచ్చేవి కాబట్టి, రింగుని ఇరవై, పాతిక సెకన్లకి కుదించేశాయి. అవతలివాళ్ళు ఎత్తేలోపే కాల్ తెగేది, తిరిగి వాళ్ళే చేసేవాళ్ళు. టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ కలగజేసుకుని మొబైల్‌కి 30 సెకన్లు మోగాల్సిందే అని చెప్పాల్సొచ్చింది. అన్ని వేల కోట్ల కంపెనీల బుద్ధీ, నా 2005 బుద్ధీ ఒకటే అన్నమాట. నవ్వొచ్చింది.

మరి ఈ పిల్లని అనడమెందుకు? నేను రెండు రింగులిచ్చి నాన్న డబ్బు ఖర్చు పెట్టించేదాన్ని. ఆయన చేలో ఉన్నాడా, తింటున్నాడా అని ఏనాడూ ఆలోచించలేదు. ఇది కనీసం పిన్ని ఖాళీయేనా అని అడిగింది. మర్యాదే కదా... ఏమో, మర్యాదే కావచ్చు గానీ, దానివల్ల రోజంతా ఫోన్ పట్టుకు తిరిగింది నేను. పైగా పచ్చడి సంగతి చెప్పాక ఉద్యోగం ఎలా ఉంది, సరిగా తింటున్నావా అని నాలుగు ముక్కలు అడిగేదాన్ని. మెసేజ్‌కి "మగ్గించాలి" అని ఒక్క ముక్క పెట్టాను. బొటనవేలు బొమ్మ వచ్చింది, అంతే.

నాన్న సంగతి వేరు. ఇప్పుడు ఆయనది పెద్ద స్క్రీన్ ఫోను, నెలంతా ఎంత మాట్లాడినా ఒకటే రీచార్జి. అయినా ఊరెళ్ళి దిగగానే ఒక్క రింగు, కట్. మొన్న తిరిగి చేస్తే విసుక్కున్నాడు: "చేరానని చెప్పాను కదే, మళ్ళీ చేశావెందుకూ?"