ఎస్ ఎక్కడికి పోయింది?

"అత్తా, ఇందాక షి సింగ్స్ అన్నావు కదా, ఇప్పుడు షి డజంట్ సింగ్ అంటున్నావు. మరి ఎస్ ఏమైంది?" అంది ఇంగ్లీషు వాక్యాలకి వ్యతిరేక వాక్యాలు రాస్తున్న మా మేనకోడలు, పెన్సిల్ చివర కొరుకుతూ.

పోలేదే, పక్కకి జరిగిందంతే అన్నాను. 'సింగ్స్' చివర ఉన్న ఎస్సే 'డజ్'లోకి వెళ్ళి కూర్చుంది. ఒక చోట ఉంటే చాలు, రెండో చోట అక్కర్లేదు. ఐ, యూ, వి, దే లకి అసలు ఎస్సే లేదు కాబట్టి ఊరికే 'డోంట్'. అక్కడ ఇబ్బందేం రాలేదు.

తర్వాత 'షి ఈజ్ టైర్డ్' వచ్చింది. టకటకా 'షి డజంట్ ఈజ్ టైర్డ్' అని రాసేసింది. కొత్తగా రూల్ తెలిసిన ఉత్సాహం మరి! యామ్, ఈజ్, ఆర్ లకి డూ సాయం అక్కర్లేదు, వెనకాలే నాట్ పెడితే సరి. క్యాన్ కూడా అంతే. 'ఉంది' అనే అర్థంలో వచ్చే 'హ్యాజ్' మాత్రం 'డజంట్ హ్యావ్' అవుతుంది. ఇక్కడ కాసేపు మూతి ముడుచుకుంది. ముడుచుకోదా మరి!

మనం పాడుతుంది, పాడదు అని క్రియ చివరే మార్చేసుకుంటాం. ఆ అలవాటున్న పిల్లకి మధ్యలో ఈ డూ ఎందుకో అనిపించడం సహజమే. ఆ మాటకొస్తే 1600 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్ళూ 'ఐ నో నాట్' అని మామూలుగానే అనేవాళ్ళు.

ఇది చెప్పడమే ఆలస్యం, "అయితే రేపు పరీక్షలో అలా రాసేయొచ్చా?" అంది.

నాలుగు వందల ఏళ్ళు లేటయ్యావు తల్లీ అన్నాను.