ఆదివారం, గారిసన్ గ్రౌండ్

నైట్ డ్యూటీ దిగి బయటికొస్తే పొగమంచు. నాలుగడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. ఈరోజు విమానాలు ఎగరవు. ఓడ నవంబరులోనే ఆగిపోయింది, మళ్ళీ మార్చిలోనే. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి మాత్రం ఢోకా లేదు. ఆడేవాళ్ళంతా ఇక్కడివాళ్ళే.

సెయింట్ మేరీస్ దీవిలో నాకిది మూడో చలికాలం. ఇంగ్లండ్ నైరుతి కొస లాండ్స్ ఎండ్ నుంచి 45 కిలోమీటర్లు సముద్రంలోకి వస్తే ఈ సిల్లీ దీవులు. అన్నీ కలిపినా జనం రెండు వేల పైచిలుకే. లీగ్‌లో జట్లు రెండు: గారిసన్ గన్నర్స్, ఊల్‌ప్యాక్ వాండరర్స్. సీజనంతా వీళ్ళతో వాళ్ళే ఆడాలి, కప్పు ఫైనల్ అయినా సరే. 2008లో అడిడాస్ ప్రకటన కోసం పేరున్న ఆటగాళ్ళు బెక్‌హామ్, జెరార్డ్ వచ్చిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను చూసుకునే పెద్దాయన ఇంకా వెనక్కి వెళ్తారు. 1984కి ముందు రేంజర్స్, రోవర్స్ అనే పేర్లుండేవి, ఆయన నోట ఇప్పటికీ అవే. "స్కోరు గుర్తుపెట్టుకుని రా" అన్నారు.

నాకు బాగా నచ్చేది సీజన్ మొదలు. కెప్టెన్లిద్దరూ కూర్చుని ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ పంచుకుంటారు, చిన్నప్పుడు మా గోదావరి లంకలో కబడ్డీకి పంచుకున్నట్టే. పోయినేడు ఒక జట్టుకి గోల్స్ కొట్టినవాడు ఈ ఏడు దానికే ఎదురు. అయినా పగలుండవు. ఎదురు జట్టు గోలీయే రేపు మా ఇంటి పైపు బాగుచేయడానికి వస్తున్నాడు.

మావాడికి పదిహేనేళ్ళు. బంతి తుప్పల్లోకి పోయినప్పుడల్లా పరిగెత్తేది వాడే. స్వెట్టర్ చేతితో బురద తుడిచి, రెండు చేతులతో అందిస్తాడు. ఎప్పుడు ఆడనిస్తారని అడిగితే "పదహారు నిండనీ" అన్నారట. ఇక్కడి బడి పదహారేళ్ళ వరకే. ఆపైన చదువుకి అవతలి ఒడ్డుకి వెళ్ళి ఉండాల్సిందే. ఆడే ఈడు రాగానే పిల్లలు ఊరు విడుస్తారు. నలభై దాటినవాళ్ళు మోకాలికి పట్టీ వేసుకుని ఇంకా ఆడుతున్నారంటే ఇదీ ఒక కారణం. వాళ్ళు మానేస్తే జట్టు నిండదు. వాళ్ళని చూస్తే నాకు చాలా గౌరవం.

ఈరోజు వాండరర్స్ 3-2తో గెలిచింది. చివరి గోలు మంచులో నాకు కనపడలేదు, అరుపులే వినపడ్డాయి. అయ్యాక మోకాలి పట్టీ వేసుకున్న ఒకాయన మావాడి భుజం తట్టి, "వచ్చే ఏడు సెలవులకి వచ్చేటప్పుడు బూట్లు మర్చిపోకు" అన్నాడు.

ఇంటికొచ్చి స్వెట్టర్ నానబెట్టాను. వాడు ఫోన్‌లో వచ్చే ఏడాది డిసెంబరు తెరిచి కూర్చున్నాడు.

"క్రిస్మస్ సెలవుల్లో రెండు ఆదివారాలు వస్తాయమ్మా."