"ఏం వండావురా?" అని అడగమన్నాను

"ఏమే, పిల్ల పుల్లలా అయిపోయింది, అన్నం పెట్టడం లేదా?" తెనాలి నుంచి వీడియో కాల్‌లో మా అమ్మ. పక్కనున్న మా అబ్బాయిని చూసి, "వీడేమో బాగా ఒళ్ళు చేశాడు." రెండూ ప్రేమతో అన్నవే. మేం పెరిగిన ఇళ్ళల్లో పలకరింపే అది. కానీ ఆ రాత్రి మా పదహారేళ్ళవాడు "ఆకలి లేదమ్మా" అని గదిలోంచి రాలేదు.

వారం తర్వాత అమ్మకు విడిగా ఫోన్ చేశాను. "అమ్మా, పిల్లల ఒంటి గురించి ఏమీ అనకే. కావాలంటే ఏం వండారో అడుగు." నొచ్చుకుంది. "నా మనవల్ని నేను అనకూడదా?" అంది. తర్వాతి ఆదివారం మాత్రం ఫోన్ ఎత్తగానే "ఏం వండావురా?" అంది వాడితో. వాడి దగ్గర జవాబు లేదు. ఆ పై ఆదివారానికి ఉంది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. వాడు ప్రాక్టీస్ ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది. వస్తూనే చిప్స్ పొట్లం, కోలా డబ్బా. చాలాకాలం దాని మీద రోజూ గొడవపడ్డాను, ఫలితం లేదు. ఒకరోజు ప్రోటీన్ పొడి కొనమని అడిగాడు. కొనను అనలేదు. వంటింట్లో ఉన్న పెసల ప్యాకెట్ చేతికిచ్చి, వెనక లేబుల్ చదవమన్నాను. వంద గ్రాముల పెసల్లో 24 గ్రాముల దాకా ప్రోటీన్! "ఇది ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉందా?" అన్నాడు.

ఇడ్లీ పిండి ఇక్కడి చలికాలంలో పొంగదు, ఓవెన్‌లో లైటు వేసి రాత్రంతా కాపలా కాయాలి. పెసరట్టుకి ఆ బాధ లేదు. పొద్దున స్కూలుకెళ్తూ పెసలు నానేస్తాడు, సాయంత్రం వచ్చి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బుతాడు. మొదటి రెండు అట్లూ పెనానికి అంటుకుపోయాయి. నేను వంటింట్లోకి వెళ్ళలేదు. చెయ్యి పెట్టి సరిచేయాలని ఎంత అనిపించినా హాల్లోనే కూర్చున్నాను. మూడోది వచ్చింది. దాని మీద గుడ్డు కొట్టి పోసుకుని, నించునే తినేశాడు.

లేబుళ్ళు చదివే అలవాటు అక్కడితో ఆగలేదు. రెండు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి విడిగా కలిపిన చక్కెర రోజుకి 25 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 39 గ్రాములుంటుంది. ఈ లెక్క నేను ఎన్నోసార్లు చెప్పాను. వాడే లెక్కేసుకున్న రోజు నుంచి డబ్బాలు తగ్గాయి. పూర్తిగా మానలేదు, మానమని నేనూ అనలేదు. శుక్రవారం పిజ్జా అలాగే ఉంది. స్నేహితులతో కూర్చుని తినే దాన్ని చెడ్డ తిండి అని పేరుపెట్టడం నాకిష్టం లేదు.

మన తిండంటే అంతా మంచిదే అనుకోవడం నా పొరపాటు. దాన్ని పట్టించింది మా అమ్మాయి. కంచంలో సగం కూరలూ పండ్లూ ఉండాలని స్కూల్లో నేర్చుకుంది. "అమ్మా, మన కంచంలో ముప్పావు వంతు అన్నమే కదా!" అంది. నిజమే. గుట్టగా తెల్లన్నం, పక్కన కాస్త బంగాళదుంప వేపుడు. అప్పటినుంచి కూర ముందు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటున్నాం.

దానికి పద్నాలుగేళ్ళు. పరుగు పోటీల్లో ఉంటుంది. పోయిన ఏడాది ఊరికే అలసిపోతుంటే రక్తపరీక్షలో ఐరన్ తక్కువని తేలింది. డాక్టరు మాత్రలిచ్చారు. ఈ వయసు ఆడపిల్లలకి రోజుకి 15 మిల్లీగ్రాముల ఐరన్ కావాలట, మగపిల్లలకి 11 చాలు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఐరన్ ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. పక్కన పులుపు, ముఖ్యంగా నిమ్మరసం, ఉంటే బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే తగ్గుతుంది. ఇదంతా అదే చదువుకుని పాలకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం మొదలుపెట్టింది. టీ సాయంత్రానికి జరిపింది. పిల్ల తన ఒంటిని బలం కోసం చూసుకోవడం నాకు ఎంత ఊరటో చెప్పలేను. ఈ వయసులో అద్దం ముందు కొలుచుకుంటూ తిండి మానేసే పిల్లల్ని చూసి భయపడ్డదాన్ని.

ఏప్రిల్‌లో పెరట్లో గోంగూర విత్తనాలు చల్లాం, తెలిసినవాళ్ళిచ్చినవి. టెక్సాస్ ఎండకి గోంగూర విరగబడి పెరుగుతుంది. పోయిన ఆదివారం అమ్మాయే కోసి, వలిచి, పప్పు చేసింది. పులుపు నోరు పొక్కేలా ఉంది. ఫోన్ తీసి, "అమ్మమ్మా, ఎందుకింత పులుపు?" అని అడిగింది.

"ఎర్ర గోంగూరా, తెల్ల గోంగూరా? ఏదీ, కాడ చూపించు."

ఫోన్ పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. "ఎర్రగా ఉంది అమ్మమ్మా!"

"అయితే ఆకు సగమే వెయ్యాలి తల్లీ," అంటోంది మా అమ్మ. అబ్బాయి వెనకనుంచి వెళ్ళి ఇంకో మొక్క కాడ చూపిస్తున్నాడు.