మార్కొవా: దాచిన మనుషులు, దక్కించుకున్న ఆస్తి

గుణదల తిరునాళ్లకు వెళ్లేవాళ్లకు ‘ధన్యులు’ (క్యాథలిక్ చర్చిలో పునీతులకు ముందు మెట్టు) అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పోలండ్ ఆగ్నేయాన ఉన్న మార్కొవా గ్రామంలో, రెండో ప్రపంచ యుద్ధంలో యూదులను దాచి ప్రాణాలు పోగొట్టుకున్న ఉల్మా కుటుంబం మొత్తాన్ని, పుట్టని బిడ్డతో సహా, 2023 సెప్టెంబరు 10న ఆ వరసలో చేర్చారు. భక్తి కరపత్రాల్లో త్యాగం ఒక్కటే మిగులుతుంది. అసలు పట్టుబడింది ఎలా అన్నది చూస్తే ఆస్తి తగాదా బయటపడుతుంది.

యూజెఫ్ ఉల్మా పండ్ల మొక్కల నర్సరీ పెట్టినవాడు. తేనెటీగలు, పట్టుపురుగులు పెంచేవాడు, ఫొటోలు తీసేవాడు. 1942 చివర్లో ఆయన, భార్య విక్టోరియా ఎనిమిది మంది యూదులకు చోటిచ్చారు. వాంట్సుట్ పట్టణం నుంచి సౌల్ గోల్డ్‌మన్, నలుగురు కొడుకులు. మార్కొవా నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు, అందులో ఒకామె చిన్న కూతురు. యూదులకు ఆశ్రయమిస్తే మరణశిక్ష అని 1941 అక్టోబరులోనే, పోలండ్‌ను ఆక్రమించిన జర్మన్ల ఉత్తర్వు ఉంది.

దాచడంలో కష్టం చోటు కాదు, తిండి. ఇంట్లోవాళ్లతో కలిపి పదహారు మంది. దాక్కున్నవాళ్లు యూజెఫ్‌తో కలిసి తోళ్లు ఊనేవారు, ఆ రాబడి తిండికి సాయపడేది. కానీ ఎవరింటికి ఎంత సరుకు వెళ్తోందో పల్లెలో దాగదు, తెనాలి పక్కనైనా అంతే.

పట్టించింది మాత్రం వాంట్సుట్ పోలీసు వ్లోద్జిమియేజ్ లేశ్ అని చరిత్రకారుల అంచనా. గోల్డ్‌మన్ కుటుంబం తమ ఆస్తిని మొదట అతని దగ్గరే ఉంచింది. ప్రమాదం పెరిగాక అతను ఇక సాయం చేయలేనని చేతులెత్తేశాడు, ఆస్తిని మాత్రం తిరిగివ్వలేదు. వాళ్లు బతికుంటే అది అడుగుతారు. ఇంతకన్నా వేరే కారణం వెతకనవసరం లేదు.

1944 మార్చి 24 తెల్లవారుజామున ఐలర్ట్ డీకెన్ నాయకత్వంలో జర్మన్ పోలీసులు వచ్చారు. ముందు యూదులను, తర్వాత నిండు గర్భిణి విక్టోరియాను, యూజెఫ్‌ను, చివరికి ఎనిమిదేళ్లు నిండని ఆరుగురు పిల్లలనూ కాల్చేశారు. తమను తీసుకొచ్చిన బండివాళ్లను చూడమని నిలబెట్టారు. లేశ్‌ను అదే ఏడాది సెప్టెంబరులో పోలిష్ రహస్య దళం చంపింది. డీకెన్ యుద్ధం తర్వాత కూడా జర్మనీలో పోలీసు ఉద్యోగమే చేసి 1960లో పోయాడు.

ఊరంతా ఉల్మాలే అనుకోవద్దు. 1942 డిసెంబరులో జర్మన్ల ఆదేశంతో గ్రామస్తులే యూదుల కోసం గాలించారు, దొరికినవాళ్లను జర్మన్లు కాల్చారు. అదే ఊళ్లో వేరే ఇళ్లలో దాక్కున్న సుమారు ఇరవై మంది యుద్ధం ముగిసేదాకా బతికారు. రెండూ నిజాలే.

వెళ్లదలిస్తే క్రాకోవ్ నుంచి రైల్లో జెషోవ్, అక్కడి నుంచి పదిహేడు కిలోమీటర్లలో వాంట్సుట్, ఆపైన రోడ్డు మీద మరో ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు. 2016లో తెరిచిన మ్యూజియంలో ఆ ఇంటి ఆకారాన్ని గాజుతో కట్టారు, అసలు ఇల్లు లేదు. ఎనిమిది మంది యూదుల సమాధి మాత్రం మార్కొవాలో ఉండదు. 1947లో వాళ్ల అవశేషాలను యాగియెవ్వా శ్మశానానికి మార్చారు, కారు మాట్లాడుకునేటప్పుడే ఆ పేరు కూడా చెప్పుకోండి.