మందార కొమ్మ మీద ఏ తేనెపిట్ట?

మహబూబ్‌నగర్, నల్లగొండ పెరళ్లలో మందార, మునగ పూస్తే చాలు, రెండు రకాల తేనెపిట్టలు వాలతాయి. రెండు రకాలూ సుమారు 10 సెంటీమీటర్లే, రెంటికీ వంపు ముక్కే. ఎండలో ఒళ్లంతా నీలి నలుపుగా మెరిసే మగది ఊదా తేనెపిట్ట. పొట్ట పసుపుగా, మెడ కింద ముదురు ఎరుపు పట్టీ ఉంటే ఊదా నడుము తేనెపిట్ట.

తికమకంతా ఈకలు మార్చే కాలంలోనే. పిల్లల పెంపకం అయ్యాక మగ ఊదా తేనెపిట్ట ఆ మెరుపు వదిలేస్తుంది. కింది భాగమంతా పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల గీత. దాన్ని చూసి మూడో రకం అనుకుంటారు. ఊదా నడుము మగది మాత్రం ఏడాదంతా అదే రంగులో ఉంటుంది. నిలువు గీతా, అడ్డ పట్టీనా అన్నదే చూడండి.

ఆడవాటికి గొంతే ఆనవాలు. పసుపైతే ఊదా, బూడిద తెలుపైతే ఊదా నడుము. వీపు మాత్రమే కనబడితే తొందరపడి పేరు రాసుకోవద్దు.

గూడు రెంటిదీ వేలాడే సంచే. సాలెపట్టు దారం, ఎండుటాకులు, బెరడు ముక్కలతో అల్లుతాయి, పక్క ద్వారానికి చిన్న చూరు కూడా పెడతాయి. ఎంత ముద్దుగా ఉంటుందో! గుడ్లు మామూలుగా రెండు. పిల్లలకు పెట్టేది పురుగులు, సాలీళ్లు. అందుకే మందారకు పిండినల్లి పట్టిందని మందు కొట్టే ముందు కొమ్మలన్నీ వెతకండి, గూడుంటే ఆ చెట్టును వదిలేయండి.