తొంగిచూసే ముందు అడగాలి కదా

ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ తీసేస్తేనే వీడియో చూపిస్తామని ఒక సైటు తెర నిండా నోటీసు పెట్టింది. ప్రకటనలంటే నాకు కోపం లేదు. వీడియోలు చేసేవాళ్లకు డబ్బు రావాల్సిందే. కానీ నా బ్రౌజర్‌లో ఏముందో కనిపెట్టే స్క్రిప్టును, అంటే చిన్న ప్రోగ్రామును, నన్ను అడగకుండా నడపడం మాత్రం సహించలేను. ఐరోపా సమాఖ్యలో 2002 నాటి ఈ-ప్రైవసీ ఆదేశం, 2009 సవరణ తర్వాత, సేవకు తప్పనిసరి కానప్పుడు మన పరికరంలోని సమాచారాన్ని సమ్మతి లేకుండా తీసుకోకూడదంటోంది. మన సుప్రీంకోర్టులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. సమ్మతి స్వేచ్ఛగా, బేషరతుగా ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టంలో రాసుకున్నాం. ఒప్పుకోకపోతే వెళ్లిపొమ్మంటే అందులో స్వేచ్ఛ ఎక్కడుంది? పైగా నా బ్లాకర్ ఆపుతున్నది ప్రకటనలను మాత్రమే కాదు, వాటి వెనక నన్ను వెంబడించే ట్రాకర్లను కూడా. దాన్ని నేను తీయను.