అమ్మ మరచిపోయిన వచనం

2015 డిసెంబరు 1, మంగళవారం. ఆ సాయంత్రం మా అమ్మ బాల్కనీలో క్రిస్మస్ నక్షత్రం కట్టించి, లోపలి బల్బు వెలిగించిన గంటకే చెన్నై సైదాపేటలో కరెంటు పోయింది. అడయారు నదికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత భవనం మొదటి అంతస్తులో మేము అప్పట్లో అద్దెకు ఉండేవాళ్లం. తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన కురిసిందనీ, చెంబరంబాక్కం చెరువు నుండి వదిలిన నీరు 29,000 క్యూసెక్కులకు చేరిందనీ తరువాత పత్రికల్లో చదివాము గాని, ఆ రాత్రి మాకు తెలిసిన లెక్క ఒక్కటే, మెట్ల లెక్క. కింది గుమ్మం నుండి మా గడప దాకా 18 మెట్లు. టార్చి వేసి చూసిన ప్రతిసారీ ఒకటో రెండో తగ్గేవి.

కింది ఇంటి తమిళ కుటుంబం అర్ధరాత్రికి ముందే మా ఇంట్లోకి వచ్చేసింది. అవ్వ, ఆమె కూతురు, ఇద్దరు పిల్లలు. వాళ్ల వెంట ఒక బియ్యం సంచి, రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరు, అంతే. మురుగునీరు, డీజిలు కలిసిన వాసన మెట్ల మీదుగా ఇంట్లోకి ఎక్కుతోంది. వాళ్ల గ్యాస్ సిలిండరు నీళ్లలో తేలి ఇనుప గేటుకు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఒక పద్ధతిలో రాదు, ఆగిపోయిందనుకునేసరికి మళ్లీ మొదలవుతుంది. ఫోన్లు మూగబోయాయి. పండుగకని కొన్న కొవ్వొత్తుల్లో ఒకటి వెలిగించి, దాని చుట్టూ ఏడుగురం కూర్చున్నాము.

అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. ఒంగోలు దగ్గరి పల్లెలో సండే స్కూలులో నేర్చుకున్న బైబిల్లోని 91వ కీర్తన ఆమెకు కంఠతా వచ్చు. నాకు జ్వరం వచ్చినా, తమ్ముడికి పరీక్షలైనా, ఊరికి రాత్రి బస్సు ఎక్కినా ఆ కీర్తనే. "మహోన్నతుని చాటున నివసించువాడే సర్వశక్తుని నీడను విశ్రమించువాడు" అని ఎత్తుకుంటే 16 వచనాలూ తడుముకోకుండా చెప్పి ఆమెన్ అనేది. ఆ రాత్రి మాత్రం ఆరో వచనం దాటి ఏడో వచనం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటినుండి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి కూడా అంతే. నాకు వెన్నులో చలి పుట్టింది. ఆమెకే గుర్తు రాకపోతే ఇక మా పని అయిపోయినట్లే అనిపించింది. చివరికి ఆమె కీర్తన వదిలేసి, పక్కనున్న అవ్వ చెయ్యి పట్టుకొని, "ప్రభువా, ప్రభువా" అని మాత్రమే అంటూ కూర్చుంది. అవ్వ తన మురుగన్ పేరు తాను తలచుకుంటూనే ఉంది, అమ్మ చెయ్యి మాత్రం వదలలేదు.

నేను ప్రార్థించలేకపోయాను. ఇది దాచుకోవలసిన సంగతి కాదని ఇప్పుడు తెలుసు గాని, ఆ రాత్రి సిగ్గుతో చచ్చిపోయాను. పుట్టినప్పటి నుండి సంఘంలో పెరిగిన దాన్ని, యౌవనస్థుల కూడికల్లో విశ్వాసం గురించి మాట్లాడిన దాన్ని, నోరు తెరిస్తే ఒక్క వాక్యం రాలేదు. ఎన్ని మెట్లు మిగిలాయన్న లెక్క తప్ప మనసులో ఏమీ లేదు. భయం ఉన్నచోట విశ్వాసం ఉండదని నాకు ఎవరు నేర్పారో తెలియదు గాని, ఆ మాట అంత లోతుగా నాటుకుంది కాబట్టి, నీళ్లకంటే నా భయానికే ఎక్కువ భయపడ్డాను.

నీళ్లు మా గడపకు నాలుగు మెట్ల కింద ఆగాయి. మరుసటి రోజు మధ్యాహ్నం సముద్రపు ఒడ్డు నుండి వచ్చిన జాలరులు తమ ఫైబరు పడవను మా వీధిలోకి తెచ్చి, పిల్లలను, అవ్వను, తరువాత మమ్మల్ని మెయిన్ రోడ్డుకు చేర్చారు. పడవలో చేపల వాసన ఇంకా ఉంది. అమ్మ దిగేటప్పుడు, తాడు పట్టుకున్న కుర్రవాడి తలమీద చెయ్యి పెట్టి ఏదో అంది. అతడికి తెలుగు రాదు, తల వంచి నిలబడ్డాడు.

రెండు వారాల తరువాత ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచి, దేవుడు మా ఇంట్లోకి చుక్క నీరు రానివ్వలేదని, నాలుగు మెట్ల కింద ఆపాడని చెప్పాను. సంఘమంతా స్తోత్రం అన్నారు. మూడో వరుసలో కూర్చున్న ఒక అక్క కూడా అన్నది. ఆమె ఇల్లు కింది అంతస్తు. బతుకుతెరువైన కుట్టుమిషను, కూతురి సర్టిఫికెట్లు, పెళ్లికని కూడబెట్టిన బట్టలు అన్నీ బురదలో కలిసిపోయాయి. ఆమె స్తోత్రం అన్నప్పుడు నా గొంతు ఆగింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ నన్ను ఆపదలో నుండి తప్పించిన దేవుడు ఆమెను ఎందుకు తప్పించలేదన్న ప్రశ్నను ఆమె ముఖం మీదికి విసిరి, పైగా దానికి కృతజ్ఞత అని పేరు పెట్టాను. సాక్ష్యం చెప్పవద్దని నేను అనను. ఎవరి ముందు చెబుతున్నామో చూసి చెప్పాలని మాత్రం ఆ రోజు నుండి అనుకుంటున్నాను.

మా ఇంట్లో మరో సాక్ష్యం తరతరాలుగా చెప్పుకుంటారు. 1876 నుండి 1878 దాకా సాగిన ధాత కరువులో మా అమ్మవైపు పూర్వీకులు బకింగ్‌హామ్ కాలువ తవ్వకానికి కూలికి వెళ్లారట. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు, ఆకలితో ఉన్నవారికి పని దొరకాలని ఆ కాలువలో 3.5 మైళ్ల భాగాన్ని తానే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవారికి ఆయన ఇవ్వలేదు. గింజల కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదనే. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకాలు ఆ సంఖ్య దగ్గర ఆగిపోతాయి. మా అమ్మమ్మ మాత్రం దాని గురించి ఎక్కువ చెప్పేది కాదు. "అన్నం పెట్టు దేవుడా అని అడిగితే ఆయన పార ఇచ్చాడు" అనేది. ఆ కాలువ ఈ చెన్నై మధ్యనుండే పోతుంది. ఇప్పుడు అది మురుగు కాలువ, దాని మీద రైలు స్తంభాలు. అటు వెళ్లినప్పుడల్లా నాకు పార పట్టిన చేతులు గుర్తుకు వస్తాయి, జాలరి కుర్రవాడు పట్టుకున్న తాడు గుర్తుకు వస్తుంది. ఆపదలో చేసిన ప్రార్థనకు జవాబు మా వంశంలో ఎక్కువసార్లు మనుషుల చేతుల మీదుగానే వచ్చింది.

జవాబు రాని సంగతి కూడా రాయాలి.

2021 మే నెల 10వ తేదీన తమిళనాడులో పూర్తి లాక్‌డౌన్ మొదలైంది. మందిరాలు మూతపడ్డాయి. వాట్సాప్ గ్రూపుల్లో గొలుసు ప్రార్థనలు నడిచేవి. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క గంట, రాత్రి రెండింటికీ మూడింటికీ కూడా ఎవరో ఒకరు మోకాళ్ల మీద ఉండేవారు. మా సంఘంలో చాలా ఇళ్ల తలుపులమీద 91వ కీర్తన స్టిక్కరు ఉండేది, ఏ తెగులు నీ గుడారమును సమీపించదన్న పదో వచనం పెద్ద అక్షరాల్లో. మా తలుపు మీద కూడా. ఆ తలుపు లోపలే మా తమ్ముడికి ఆక్సిజన్ 84కు పడింది. ఆసుపత్రి వాకిట్లో అంబులెన్సులోనే మూడున్నర గంటలు వేచి ఉన్నాక మంచం దొరికింది. లోపలికి వెళ్లాక వాడు పంపిన చివరి వాయిస్ మెసేజ్ 11 సెకన్లు. "అక్కా, ప్రార్థన చెయ్యండి. భయంగా ఉంది." ఆ తరువాత మాస్కు చప్పుడు. తొమ్మిదో రోజు వాడు చనిపోయాడు. వాడికి 34 ఏళ్లు.

పది రోజులకు సంఘంలో పెద్దవారొకరు ఫోను చేసి, ఆదరించే మాటలు చెప్పి, చివరగా, "ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉండి ఉంటుందమ్మా, పరీక్షించుకోండి" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆ కష్టకాలంలో ఎన్నో ఇళ్లకు బియ్యం పంపించారు. అయినా ఆ మాట తప్పు, వాక్యం ప్రకారం కూడా తప్పు. "భయంగా ఉంది" అన్న నా తమ్ముడిది అవిశ్వాసమైతే, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువుది ఏమనాలి? ఆయన విభ్రాంతి నొందాడని మార్కు సువార్త రాసింది. ఈ గిన్నె తొలగించమని అడిగాడు, ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ అవే మాటలతో. పక్కన మెలకువగా ఉండమని శిష్యులను బతిమాలాడు. నీళ్లలో మునిగిపోతున్న పేతురు చేసిన ప్రార్థన, "ప్రభువా, నన్ను రక్షించుము" అన్న మూడే మాటలు. అవి భయంతో పుట్టినవే. 88వ కీర్తన చీకటి అన్న మాటతో ముగుస్తుంది, వెలుగులోకి రాదు; అయినా దాన్ని ఎవరూ గ్రంథంలో నుండి తీసివేయలేదు.

ఇవన్నీ ఇప్పుడు రాయగలుగుతున్నాను గాని, అప్పుడు నాలుగు నెలల పాటు నేను ప్రార్థించలేదు. ఒక శనివారం ఆఫీసు నుండి వస్తూ, ఎందుకో తెలియకుండానే, సైదాపేట పక్కనే ఉన్న చిన్నమలై గుడిలోకి వెళ్లాను. అది కతోలికుల గుడి, మేము బాప్టిస్టులం, అన్నేళ్లు ఆ పక్కనే ఉండి కూడా లోపలికి వెళ్లింది లేదు. అక్కడొక చిన్న గుహ ఉంది. అపొస్తలుడైన తోమా తనను చంపడానికి వెదకుతున్నవారికి దొరకకుండా అందులో దాగి ప్రార్థించాడని సంప్రదాయం, ఆయన క్రీ.శ. 72లో ఈ ఊరి కొండమీదనే ఈటెపోటుతో మరణించాడని చెబుతారు. గుహలోకి వెళ్లాలంటే వంగాలి. లోపల చల్లగా, మైనం వాసనతో, ఇద్దరు మనుషులు నిలబడితే ఇరుకుగా ఉంది. చరిత్ర ఎంతవరకు నిజమో తేల్చడానికి నేను వెళ్లలేదు. ప్రాణభయంతో దాక్కున్న అపొస్తలుడిని ఈ నగరం రెండు వేల ఏళ్లుగా సిగ్గుపడకుండా గుర్తుపెట్టుకుందన్న ఆలోచన ఒక్కటే నన్ను అక్కడ కూర్చోబెట్టింది. తిరిగి లేచిన ప్రభువు గాయాలు చూస్తేనే గాని నమ్మనన్నవాడు కూడా ఈ తోమానే. ప్రభువు ఆయనను కసరలేదు, చెయ్యి చాపమన్నాడు.

ఆ రాత్రి అమ్మను అడిగాను, వరదలో కీర్తన ఎందుకు మరచిపోయావని. అడగడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

"మరచిపోలేదమ్మాయీ" అంది. "నీ ప్రక్కను వేయిమంది పడినను అని ఉంది గదా. ఆ పడేవాళ్లు మన కిందింటివాళ్లే, మన వీధివాళ్లే. ఆ అవ్వ చెయ్యి పట్టుకొని, అపాయము నా యొద్దకు రాదని ఎట్టా అనేది? నోరు రాలా."

ఈ కీర్తనలోని మాటలనే సాతాను ప్రభువుకు చెప్పి, దేవాలయ శిఖరం మీదినుండి దూకమన్నాడని మనందరం చదివినదే. దూతలు ఎత్తి పట్టుకుంటారన్నది వాగ్దానమే, అబద్ధం కాదు. కానీ దాన్ని దేవుణ్ణి కట్టివేసే తాడుగా వాడటానికి ఆయన ఒప్పుకోలేదు. దేవాలయ శిఖరం నుండి ఆయన దూకలేదు. తరువాత సిలువ మీదినుండి దిగి రానూ లేదు. అక్కడ, "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని కేక వేశాడు. నేను తలుపు మీద అంటించిన స్టిక్కరు తీసివేశాను. కీర్తన మీద కోపంతో కాదు, దాన్ని తాయెత్తుగా వాడినందుకు. అదే కీర్తన 15వ వచనంలో "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అని ఉంది. చిన్నప్పటి నుండి విన్నా, శ్రమలో అన్న మాటను నేను శ్రమ రాకుండా అని చదువుకుంటూ వచ్చాను.

తమ్ముడి పక్కన ఆ తొమ్మిది రోజులూ మేము లేము. ఆయన ఉన్నాడని నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి నా దగ్గర రుజువు లేదు, వాడి 11 సెకన్ల గొంతు ఉంది. భయంగా ఉందని చెబుతూ కూడా ప్రార్థన చెయ్యమన్నాడు గదా, వాడిది నాకంటే గట్టి విశ్వాసం.

ఇప్పుడు మేము మడిపాక్కంలో, రెండో అంతస్తులో ఉంటున్నాము. గట్టి వాన పడితే ఇప్పటికీ లేచి వెళ్లి మెట్లు చూస్తాను. రాత్రి తొమ్మిదిన్నరకు కుటుంబ ప్రార్థన. అమ్మ 91వ కీర్తన చెబుతుంది. ఏడో వచనం దగ్గరికి వచ్చేసరికి ఆగుతుంది. అక్కడ పేర్లు చెబుతుంది: సైదాపేట అవ్వ, ఆమె మనవలు, కుట్టుమిషను పోయిన అక్క, పేరు తెలియని పడవ కుర్రవాడు, తమ్ముడి పక్క మంచంలో ఉండి ఇంటికి వచ్చిన పెరంబూరు పెద్దాయన, ఆ వారం ఎవరింట్లో ఆపద ఉంటే వాళ్లు. కొన్ని రాత్రులు రెండు నిమిషాలు పడుతుంది, కొన్ని రాత్రులు పది. పిల్లలు కళ్లు మూసుకొని, ఒక పేరు మరిచిపోతే అందిస్తారు. అవి అయ్యాక ఏడో వచనం చెప్పకుండానే ఎనిమిదిలోకి వెళ్తుంది.